తలుపు పలగ్గొట్టున్రి

తార్నాకలో వాళ్ళ సంఘానికి వెళ్ళే ఎవరినైనా అడిగి చూడండి. ప్రిస్కిల్లా టీచరు అర్థం చెప్పందే అక్కడ ఆదివారం పాట మొదలుకాదు. గాయక బృందం లేచి నిలబడుతుంది, కీబోర్డు మీద వేళ్ళు పడబోతాయి, అప్పుడు ఆవిడ చెయ్యెత్తి ఆపుతుంది. "ఈ చరణంలో తుఫాను అంటే మన రేపల్లె తుఫాను కాదు తల్లీ. మన జబ్బులు, మన కోర్టు కేసులు, కొందరికైతే మన అత్తగార్లు" అంటుంది. జనం నవ్వుతారు. ఆ నవ్వు మీద పాట ఎత్తుకుంటే అది తిన్నగా గుండెల్లో దిగుతుంది. లాలాపేట్ స్కూల్లో తెలుగు చెప్పే నోరు మరి. ఎంత మొండి పద్యమైనా ఆవిడ ముందు తల వంచాల్సిందే, ఆ సంగతి అందరికన్నా బాగా ఆవిడకే తెలుసు.

భర్త శాంసన్ రైల్వేలో గుమస్తా. ఇంట్లో మాట్లాడే పని పెళ్ళైన కొత్తలోనే భార్యకు అప్పగించేసి నిశ్చింతగా ఉన్నాడు. ఒక్కగానొక్క కొడుకు జోయెల్ యూనివర్సిటీలో జర్నలిజం ఎం.ఏ. చదువుతున్నాడు. చదువు కంటే గిటారు ఎక్కువ. నలుగురు స్నేహితులు కలిసి ఒక బ్యాండు పెట్టుకున్నారు, క్యాంపస్‌లో ఎక్కడ స్టేజీ కనిపిస్తే అక్కడ ఎక్కేస్తారు. భుజాల దాకా పెంచిన ఆ జుట్టు గురించి ప్రిస్కిల్లా దేవుడికి చాలాసార్లు ఫిర్యాదు చేసింది. దేవుడు పట్టించుకోలేదు.

వీళ్ళ సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. అది చెప్పకపోతే తర్వాత జరిగిందేదీ బోధపడదు. నెలకోసారి సాక్ష్యాల కూటం పెడతారు. ఎవరైనా లేచి, తాను పూర్వం ఎంత చెడ్డవాడో, ఎంత లోతున పడిపోయాడో, దేవుడు ఎలా పైకి లాగాడో నలుగురి ముందు చెప్పుకోవాలి. పాపం ఎంత పెద్దదైతే సాక్ష్యం అంత గట్టిది కాబట్టి, గ్లాసెడు కల్లు తాగినవాడు కుండలు ఖాళీ చేశానంటాడు. గొంతున్నవాళ్ళు దాన్నే పాట కట్టి పాడతారు. ఆ పాటలో నేను పడ్డాను, నేను చెడ్డాను అంటే పడ్డదీ చెడ్డదీ పాడేవాడే. ప్రిస్కిల్లా పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి అలాంటి పాటల్లోనే పెరిగింది. ఒకడి గోడు ఇంకొకడు గొంతు చించుకుని పాడతాడని, దాన్నొక ఆటగా పాడతారని ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

ఆ రోజు స్టాఫ్ రూములో సోషల్ చెప్పే సుజాత తన ఫోను ఆవిడ చేతికిచ్చింది.

"మేడం, మీ జోయెల్ గదా? మా చెల్లె పంపింది. క్యాంపస్ మొత్తం గిదే పాటనట."

తెర మీద కొడుకు. ఎర్రటి లైట్ల కింద, మెడ నరాలు ఉబ్బేలా అరుస్తున్నాడు. వెనకాల డ్రమ్స్ మీద వాడి స్నేహితుడు రాంచందర్ తల వంచుకుని కొడుతున్నాడు. హోరులోంచి మాటలు ఏరుకోవడానికి ప్రిస్కిల్లాకు రెండుసార్లు వినాల్సి వచ్చింది.

లైట్లు బంజేసి బండి నడుపుత
తెల్లగీత మీద్కెల్లి నడుపుత
లారొస్తె లారీనే జరగాలె
నేను జరగ, నేను జరగ

నరాలల్ల చలికాలం
ఎండలు మండంగ నా నరాలల్ల చలికాలం
అవ్వ పంపిన మూట ముడి ఇప్పలే
ఆకలి నా పేరు మర్సిపొయింది

పొద్దుగాల నన్ను లేపున్రి
లేవకుంటె తలుపు పలగ్గొట్టున్రి

చివరి మాట దగ్గర వాద్యాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. కింద గుంపులో ఉన్న పిల్లలు పిడికిళ్ళెత్తి, పలగ్గొట్టున్రి, పలగ్గొట్టున్రి అని అరిచారు. వాళ్ళకది పండగ.

"మస్తున్నది గదా మేడం" అంది సుజాత.

ప్రిస్కిల్లా ఫోను తిరిగి ఇవ్వడం మరచిపోయింది. ఆ మధ్యే పోలీసులు స్కూలుకొచ్చి పిల్లలకు మత్తుమందుల మీద ఒక క్లాసు చెప్పి వెళ్ళారు. తెల్లపొడిని గీతలా పోసి పీలుస్తారని, సూదులతో నరాల్లోకి ఎక్కించుకుంటారని, ఆకలి చచ్చిపోతుందని, పిల్లలు సన్నబడతారని చెప్పారు. జోయెల్ సన్నబడ్డాడు. మొన్న ఉప్మా సగంలో వదిలేశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయంటే నిద్ర లేదన్నాడు. అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా? సాయంత్రం బెల్లు కొట్టేసరికి ఆవిడ మనసులో కొడుకు సగం చచ్చిపోయి ఉన్నాడు.

ఇంటికి వెళ్ళి వాణ్ణి అడగవచ్చు. అడగలేదు. ముందు దేవుడికి, తర్వాత మనిషికి అన్నది ఆవిడ పద్ధతి. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో, మనవులు చెప్పే వేళకు లేచి నిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నా కొడుకు జోయెల్ మత్తులో పడిపోయాడు, వాడి కోసం ప్రార్థించండి అని పేరు పెట్టి, చదువు పెట్టి అందరి ముందూ చెప్పింది. ఆడవాళ్ళంతా ఆవిడ చుట్టూ చేరి తల మీద చేతులు పెట్టారు. ఆవిడకు నిజంగానే గుండె తేలికపడింది.

మాట పెదవి దాటితే పృథివి దాటుతుందని క్లాసులో పిల్లల చేత వల్లె వేయించేది ఈవిడే. ఆ సాయంత్రమే, ప్రార్థనలో ఆవిడ పక్కనే కూర్చున్న ఎవాంజెలిన్ గారు తన ఫోన్లో ఉన్న ప్రార్థన గ్రూపులన్నిటికీ పంపించేసింది. "ప్రిస్కిల్లా టీచరు గారి కుమారుడు జోయెల్, యూనివర్సిటీ జర్నలిజం విద్యార్థి, మత్తు బంధకాలలో ఉన్నాడు. విడుదల కొరకు భారంతో ప్రార్థించండి." కింద దండం పెట్టే చేతుల బొమ్మ. అది వారాసిగూడ వెళ్ళింది, టీచరు పుట్టింటి ఊరు రేపల్లె దాకా వెళ్ళింది, ఎవరి ప్రార్థనా భారం వల్లనో యూనివర్సిటీ ఆఫీసుకూ వెళ్ళింది. ఎవాంజెలిన్ గారి మనసులో చెడు లేదు. ఇలాంటి పనులు చెడ్డ మనసుతో చేసేవాళ్ళు తక్కువ.

సోమవారం జోయెల్ మధ్యాహ్నమే ఇంటికొచ్చేశాడు. చెప్పులు కూడా విప్పకుండా హాల్లో నిలబడ్డాడు.

"అమ్మా, నన్ను ఒక్కసారి అడగొచ్చు గదా. ఒక్కసారి."

"అడిగితే నిజం చెబుతావుట్రా?"

"దేవునికి చెప్పినవ్, ఎవాంజెలిన్ ఆంటీకి చెప్పినవ్, వారాసిగూడ మొత్తానికి చెప్పినవ్. నాకే చెప్పలే." తల్లి వైపు ఒక అడుగు వేశాడు. "ఎంక్వైరీ వేసిన్రు. ప్రూవ్ అయితే కోర్సులకెల్లి తీసేస్తరట. పోలీసులకు గూడ ఇస్తరట. సాక్ష్యం ఏందో తెల్సా? నీ ప్రేయర్ రిక్వెస్ట్."

శాంసన్ పేపరు పక్కన పెట్టి భార్య ముఖంలోకి చూశాడు. ఏదైనా అని ఉంటే బాగుండేదని ఆవిడకు అనిపించింది. కంచే చేను మేసినట్టయిందని తెలుస్తూనే ఉంది. కన్నకొడుకు మెడకు ఉరితాడు తనే పేని ఇచ్చినట్టు భయపడిపోయింది.

జోయెల్‌ను ఆసుపత్రికి తీసుకెళ్ళి రక్తం, మూత్రం పరీక్ష చేయించారు. మిగతా ముగ్గురినీ ఎవరూ అడగలేదు. ప్రార్థన మనవిలో ఉన్న పేరు ఒక్కటే కదా. పరీక్షలో ఏమీ లేదని వచ్చింది. ప్రిస్కిల్లా ఆ కాగితాన్ని కళ్ళకద్దుకుంది. అయినా ఎంక్వైరీ కమిటీ వదల్లేదు. ఇవాళ లేదంటే ఎన్నడూ లేదని కాదు, పాట ఉంది, తల్లి మాట ఉంది, ఇద్దరూ వచ్చి సంజాయిషీ చెప్పుకోండి అని కబురు వచ్చింది.

ఆ కబురు వచ్చాక ఆవిడ పాట ముందేసుకుని కూర్చుంది. ఈసారి తల్లిలా కాకుండా టీచరులా చదివింది. చదువుతూ చదువుతూ ఒక మాట దగ్గర ఆగిపోయింది.

"జోయెల్, ఈ మూట ఎవరిది?"

వాడు గిటారు తీగ సవరిస్తూ తల ఎత్తలేదు.

"నేనెప్పుడు పంపానురా నీకు మూట? పుట్టిన దగ్గర్నుంచి ఈ ఇంట్లోనే నా చేతి కూడు తింటున్నావు. మనింట్లో అమ్మను అవ్వ అంటామా? ఈ పాట నీది కాదు."

వాడు గిటారు పక్కన పెట్టాడు. "రాంచందర్ది. వాడు రాసిండు, నేను పాడిన. వానికి పాడనీకె రాదు."

"రాంచందర్ది" అన్న మాట చెవిన పడగానే ప్రిస్కిల్లా లోపల ఏదో విరగబడి నవ్వింది. "దేవా, నీకు స్తోత్రం" అని పైకే అనేసింది. నా కొడుకు కాదు. నా కొడుకు కాదు. ఆ క్షణాన ఆవిడకు లోకంలో ఇంకెవరి కొడుకులూ లేరు.

రాంచందర్ ఆవిడకు తెలియనివాడు కాదు. జగిత్యాల అవతల ఏదో పల్లె, తండ్రి రాజలింగం వ్యవసాయం చేస్తాడు, తల్లి లచ్చవ్వ. హాస్టల్లో ఉంటూ మొదటి ఏడాదంతా ఆదివారాలు వీళ్ళింటికే భోజనానికి వచ్చేవాడు. "ఆంటీ, గీ చేపల పులుసు కోసమన్న నేను మీ చర్చిల కలుస్త" అని నవ్వించేవాడు. కొన్ని నెలలుగా రావడం మానేశాడు. పరీక్షలేమో అనుకుంది. ఎక్కువ అనుకోలేదు కూడా.

"వాడు తీసుకుంటున్నాడా?" అంది, గొంతు తగ్గించి.

"మానేస్తా అన్నడు. వాని పేరు చెప్పకమ్మా. సీటు పోతే వాళ్ళ నాయిన తట్టుకోడు. నేను మాటిచ్చిన."

మానేస్తానన్నాడా, మానేశాడా? పిల్లల జవాబుల్లో ఇలాంటి డొంకతిరుగుడు కనబడితే ఎర్ర సిరాతో గుండ్రంగా చుట్టే మనిషి ఆవిడ. ప్రశ్న నాలుక చివరి దాకా వచ్చింది. అడిగితే జవాబు వినాల్సి వస్తుంది, వింటే ఏదో ఒకటి చేయాల్సి వస్తుంది. ఎల్లుండి కమిటీ ఉంది. ముందు మన ఇల్లు చక్కబెట్టుకుందాం అనుకుని ప్రిస్కిల్లా ఆ ప్రశ్నను మింగేసింది.

కమిటీ గదిలో పొడుగాటి బల్ల, దానికి అవతల ముగ్గురు. మధ్యలో పార్థసారథి గారు, బోటనీ ప్రొఫెసరు, మర్యాదస్తుడు. పాట అచ్చు వేయించి, అక్కడక్కడా పసుపురంగు పూసి ముందు పెట్టుకున్నాడు. బ్యాండు పిల్లలు నలుగురినీ గోడ వారగా నిలబెట్టారు. జోయెల్ పక్కన రాంచందర్. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది, వాడేమో మణికట్టు దాకా చేతులున్న చొక్కా వేసుకుని, గుండీలు పెట్టుకుని నిలబడ్డాడు. ప్రిస్కిల్లా చూసింది. చూసి కళ్ళు తిప్పుకుంది.

"నిప్పు లేనిదే పొగ రాదు కదమ్మా" అన్నాడు పార్థసారథి గారు. "మీరే ప్రార్థన చేయమన్నారు. మేం కల్పించలేదు."

"అయ్యా, మా దగ్గర ఒక అలవాటుంది. గండం రాకముందే వచ్చినట్టు మొరపెట్టుకుంటాం" అంది ప్రిస్కిల్లా. అది పూర్తి నిజం కాదు. "తల్లి భయాన్ని మీరు నేరం కింద రాసుకోకండి. పరీక్షలో ఏమీ లేదు. ఇక పాట అంటారా, నాకు పది నిమిషాలివ్వండి."

ఇచ్చారు. ఇవ్వకుండా ఉండాల్సింది.

"తెల్లగీత అంటే రోడ్డు మీద గీత సార్. మన తార్నాక ఫ్లైఓవరు మీద లేదూ? లారీ వస్తే లారీయే జరగాలంటున్నాడు. పొగరు. ఆ వయసులో మీరు సైకిలు మీద రెండు చేతులూ వదిలేసి తొక్కలేదా?" అంది. పార్థసారథి గారు మీసాల్లో నవ్వాడు. పక్కనున్న ఆయన పైకే నవ్వాడు. ఆ నవ్వు వినగానే ప్రిస్కిల్లాకు ఆదివారం మైకు ముందు నిలబడ్డంత బలం వచ్చింది.

"ఎండల్లో చలికాలం అంటే ఒంటరితనం. విరహం అనుకోండి. మన పాత కవులు విరహంలో వెన్నెల కాలుతుందన్నారు, వీడు ఎండ చలిపెడుతుందన్నాడు. అంతే తేడా. ఆకలి పేరు మరచిపోవడం కూడా అందుకే, ప్రేమలో పడ్డవాడికి అన్నం ఎక్కడ సహిస్తుంది? అవ్వ పంపిన మూట అంటే తిండి మూట కాదయ్యా. తల్లి చెప్పిన బుద్ధులు. పిల్లలు ఇంకా ఆ ముడి విప్పలేదని వాళ్ళను వాళ్ళే తిట్టుకుంటున్నారు. ఇక చివరిది, తలుపు." ఆవిడ కాస్త ఆగింది. చర్చిలోనూ ఇక్కడే ఆగుతుంది. "అజ్ఞానమనే తలుపు సార్. పెద్దవాళ్ళారా, మమ్మల్ని లేపండి, నిద్రపోనివ్వకండి అని మనల్ని అడుగుతున్నారు. మీరు దీన్ని మత్తు పాటంటున్నారు. నేను మేలుకొలుపు అంటాను."

ముగ్గురిలో పెద్దావిడ ఒకరు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. పార్థసారథి గారు పసుపురంగు పూసిన కాగితాన్ని తిప్పి బోర్లా పెట్టాడు. "ఇలా ఆలోచించలేదమ్మా. నిజం చెప్పాలంటే, మత్తుమందుల వ్యతిరేక దినానికి మాకొక పాట కావాలి" అన్నాడు. తర్వాత ఏదో ఆచారానికి అడిగినట్టు తల ఎత్తాడు. "ఇంతకీ రాసిందెవరు బాబూ?"

జోయెల్ ఒక అడుగు ముందుకు వేశాడు. "నేనే సార్."

అప్పుడు రాంచందర్ ప్రిస్కిల్లా వైపు చూశాడు. బతిమాలినట్టు లేదు ఆ చూపు, బెదిరినట్టూ లేదు. వాన పడుతుందా లేదా అని ఆకాశం వైపు చూసే రైతు చూపులా ఉంది. వీడు కాదు రాసింది, అదిగో వాడు, వాడికి పరీక్ష చేయించండి, ముందు ఆ చొక్కా చేతులు మడిచి చూడండి అని అనడానికి ఆవిడకు ఒక్క శ్వాస చాలు. ఆ ఒక్క శ్వాసా ఆవిడ కొడుకు కోసం దాచుకుంది. "వాడే సార్. చిన్నప్పటి నుంచీ కాస్త పిచ్చి రాతలు రాస్తాడు" అంది.

వరండాలో జోయెల్ మోచెయ్యి గట్టిగా పట్టుకుని నడుస్తుంటే రాంచందర్ వెనకే వచ్చాడు. దగ్గరగా చూస్తే పెదాలు పగిలి ఉన్నాయి.

"ఆంటీ, మస్తు చెప్పిన్రు" అన్నాడు నవ్వుతూ. "పాటల ఏం లేదన్నట్టే గదా. నేనింక అండ్ల ఏమో ఉన్నదనుకున్న."

"ఆదివారం భోజనానికి రా నాన్నా. పులుసు పెడతాను."

"వస్త ఆంటీ."

అని, వెళ్ళకుండా నిలబడ్డాడు. ఇంకేదో అంటాడేమోనన్నట్టు జోయెల్ కూడా ఆగబోయాడు. ప్రిస్కిల్లా వాడి మోచెయ్యి లాగింది. ఎవరైనా మనసు మార్చుకుని వెనక్కి పిలిచేలోగా ఆ గేటు దాటేయాలని ఆవిడ తొందర.

ఆదివారం సంఘంలో కృతజ్ఞతా స్తుతి చెప్పింది. తెల్లవారుజామున కొన్న కొర్రమీను పులుసు పెట్టింది. రాంచందర్ రాలేదు. ఫోను చేస్తే ఎత్తడం లేదన్నాడు జోయెల్. అన్నం కలుపుతూ రెండుసార్లు ఫోను చూసుకున్నాడు వాడు. "వస్తాడులే, కుర్రాళ్ళు ఎక్కడో తిరుగుతుంటారు" అంది ప్రిస్కిల్లా, ఆ మిగిలిన పులుసు ఫ్రిజ్‌లో పెట్టింది.

మంగళవారం ఎనిమిదో తరగతికి పద్యం చెబుతుండగా జోయెల్ ఫోను వచ్చింది. మొదట ఏడుపు తప్ప మాట వినబడలేదు.

"కాచిగూడల... స్టేషన్ పక్కన లాడ్జిల ఉన్నడట. పొద్దున్నుంచి ఎంత కొట్టినా తీస్తలేడని... అమ్మా, తలుపు పలగ్గొట్టిన్రు. తలుపు పలగ్గొట్టిన్రమ్మా."

పెద్దాసుపత్రి వరండాలో సగం రంగు ఊడిన బెంచీలు. రాంచందర్ లోపల ఉన్నాడు, ఊపిరి యంత్రం తీస్తోంది, వాడు తీయడం లేదు. డాక్టరు శాంసన్‌ను పక్కకు పిలిచి చెప్పాడు. శాంసన్ తిరిగి వచ్చి భార్యకు ఆ మాట చెప్పకుండా గోడ దగ్గర నిలబడిపోయాడు. చెప్పక్కర్లేకుండానే ఆవిడకు తెలిసింది. జోయెల్ నేల మీద మోకాళ్ళలో తల పెట్టుకుని కూర్చున్నాడు. తల్లి పక్కకు వచ్చి జుట్టు నిమరబోతే తల జరిపేసుకున్నాడు.

లచ్చవ్వ, రాజలింగం జగిత్యాల బస్సు దిగి నేరుగా వచ్చారు. రాజలింగం ఎవరు ఏం చెప్పినా "అచ్చ సార్, అచ్చ సార్" అని తలూపుతున్నాడు. లచ్చవ్వ ఏడవడం లేదు. హాస్టల్ నుంచి కొడుకు సామాను తెచ్చిచ్చిన పిల్లలు ఆమె ఒళ్ళో ఒక తెల్లగుడ్డ మూట పెట్టి వెళ్ళారు. దాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

"జోయెల్ వాళ్ళమ్మ నువ్వేనా?" అంది.

"అవునమ్మా."

"మా రాంచెందు నీ ముచ్చట చెప్తుండె. పాటలకు మతలబు మంచిగ చెప్తదట గదా ఆ అమ్మ. ఈడ పోరగాండ్లు ఫోన్ల పెట్టిన్రు, గిది మీ రాంచందర్ రాసిన పాట అని. లొల్లి తప్ప నాకేం సమజ్ కాలే." మూట మీద చెయ్యి తీయకుండా ఆమె కొంచెం జరిగి చోటిచ్చింది. "గిట్ల కూసో. నా కొడుకు ఏం రాసిండో జెర చెప్పమ్మా."

చెప్పడానికి ప్రిస్కిల్లా నోట్లో మాటలు సిద్ధంగానే ఉన్నాయి. మేలుకొలుపు పాటమ్మా, అందరూ మెచ్చుకున్నారు, యూనివర్సిటీ వాళ్ళు పాడించుకుంటామన్నారు. ఈ సమయంలో ఈ తల్లికి ఆ మాట చెబితే ఎవరు తప్పుపడతారు? పుణ్యం కూడాను. పెదవి కదిలింది. అంతలో ఆవిడ కళ్ళు మూట మీద పడ్డాయి. గుడ్డ మాసిపోయి ఉంది కానీ, ముడి మాత్రం వేసినప్పటి ముడిలా బిగుసుకుని ఉంది.

"అందులో ఏముందమ్మా?" అని అడిగింది.

"మక్కపేలాలు, బెల్లం. చిన్నప్పటి సంది వానికి గవంటె పానం. ఎండలు మొదలైనప్పుడు పంపిన. ముడి నేనేసిందే."

ప్రిస్కిల్లా బెంచీ అంచు పట్టుకుంది. జీవితంలో మొదటిసారి ఆవిడకు ఒక పాటకు అర్థం చెప్పడమంటే భయం వేసింది.

"లైట్లు ఆర్పేసి బండి నడుపుతా అన్నాడమ్మా. ఎక్కడికి పోతున్నానో నాకే కనిపించడం లేదని. తెల్లగీత అంటే... అది మందు. పొడి. దాని మీద నుంచి పక్కకు జరగలేకపోతున్నాను, ఎదురుగా చావు వచ్చినా జరగలేను అని."

"ఊఁ" అంది లచ్చవ్వ.

"నరాల్లో చలికాలం అంటే సూది వేసుకున్నాక వచ్చే వణుకు. ఎండాకాలంలో కూడా. అందుకే పొడుగు చేతుల చొక్కా వేసుకునేవాడు. ఆకలి పోయింది అన్నాడు. మా అమ్మ నాకిష్టమని పంపిన మూట కూడా విప్పలేకపోయాను అన్నాడు. ఇదే మూట. ఇంకేమీ కాదమ్మా, ఇదే మూట." ఆవిడకు ఏడుపు ఆగడం లేదు. మాటల మధ్య నుంచే ఏడుస్తూ చెప్పుకుపోయింది. "పొద్దున్నే నన్ను లేపండి అన్నాడు. లేవకపోతే తలుపు పగలగొట్టండి అన్నాడు. అంటే తలుపు పగలగొట్టమనే. ఎవరైనా రండి, నా అంతట నేను లేవలేను, నేను వద్దన్నా లోపలికి రండి అని. వందలమంది ముందు మావాడి చేత పాడించాడు."

నేల మీద జోయెల్ తల ఎత్తి తల్లిని చూస్తున్నాడు. రాజలింగం "అచ్చ" అనడం కూడా మరచిపోయాడు.

లచ్చవ్వ మూట ముడిని బొటనవేలితో రుద్దింది. తర్వాత, ఏ కోపమూ లేకుండా, పొలం హద్దు అడిగినంత మామూలుగా అడిగింది.

"ఆడ సారోళ్ళు అడిగిన్రట గదా నిన్ను. వాళ్ళకు గూడ గిట్లనే చెప్పినవా?"

ఒక్క శ్వాస చాలు. కమిటీ గదిలోనూ ఒక్క శ్వాసే చాలేది.

"లేదమ్మా" అంది ప్రిస్కిల్లా. "అప్పటికే నాకు తెలుసు, పాట మీవాడిదని. నా కొడుకు బయటపడితే చాలనుకున్నాను. తలుపంటే తలుపు కాదని చెప్పాను."

తిడుతుందని, మీద పడి కొడుతుందని ఎదురుచూసింది. కొడితే బాగుండునని కూడా అనుకుంది. లచ్చవ్వ లోపల యంత్రం ఉన్న గది వైపు చూసింది. ఒళ్ళోని మూట తీసి ఇద్దరి మధ్యా బెంచీ మీద పెట్టింది. కొంగుతో ముఖం తుడుచుకుని, సర్దుకుని కూర్చుంది.

"మల్లొక్కపారి చెప్పు" అంది. "లేపున్రి అన్నడు సూడు, ఆడికెల్లి."

ప్రిస్కిల్లా కళ్ళు తుడుచుకుని మళ్ళీ చెప్పడం మొదలుపెట్టింది.